తర్వాత మార్చలేనిదే ముందు చూసుకోవాలి

బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, మన సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కినా ‘60 వేలల్లో గేమింగ్ పీసీ కావాలి’ అనగానే కౌంటర్ మీద రాసిచ్చే కొటేషన్ తీరు ఇంచుమించు ఒకటే. మొదటి వరుసలో ప్రాసెసర్ పేరు, జనరేషన్‌తో సహా. దాని కింద మదర్‌బోర్డు, ర్యామ్ ఎన్ని జీబీ, ఎస్‌ఎస్‌డీ ఎంత. గ్రాఫిక్స్ కార్డు వరుసలో చాలాసార్లు మోడల్ నంబరు కన్నా ‘4 జీబీ’ అన్న మాటే పెద్దగా కనిపిస్తుంది. అట్టడుగున ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని ఒక్క ముక్క. లోపలి సామానుకంతా కరెంటు అందించే ఆ డబ్బాకు కంపెనీ పేరుండదు, వాట్లు రాస్తే రాసినట్టు. ఇందులో షాపువాళ్లను తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కొనేవాళ్లు అడిగే వరుసే అది. ఇంట్లో డబ్బిచ్చే పెద్దాయన్ని ‘ఐ5 తీసుకుంటున్నా’ అని ఒప్పించవచ్చు గానీ, ‘ఎస్‌ఎంపీఎస్ మంచిది తీసుకుంటున్నా’ అంటే వినేదెవరు? అయినా సరే, తక్కువ డబ్బుతో మొదటిసారి పీసీ అసెంబుల్ చేసుకునేవాళ్లు ఆ కాగితాన్ని కింద నుంచి పైకి చదవాలన్నదే ఈ అధ్యాయం వాదన.

ఎందుకో చెప్తాను. డబ్బు సరిపడా ఉన్నవాళ్లకు ఏ పార్టు ఎంపికలో పొరపాటు జరిగినా పెద్ద నష్టం లేదు, ఇంకోటి కొనుక్కుంటారు. బడ్జెట్ బిగించి కొనేవాళ్లు ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు. రాజీ ఎక్కడ పడాలన్నదే లెక్క. ర్యామ్ చాలకపోతే ఆరు నెలల తర్వాత ఇంకో స్టిక్ పెట్టుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ నిండిపోతే రెండోది తగిలించుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు పాతబడితే దాన్ని అమ్మి, పైన కొంత వేసి కొత్తది తెచ్చుకోవచ్చు. మదర్‌బోర్డు సాకెట్ తప్పుగా ఎంచుకుంటే మాత్రం బోర్డు, ప్రాసెసర్, ఒక్కోసారి ర్యామ్ కూడా కలిపి మార్చాలి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ పక్కనున్నవాటినీ తీసుకుపోతుంది. కాబట్టి ప్రతి పార్టు దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: దీని విషయంలో ఇప్పుడు తక్కువతో సరిపెట్టుకుంటే, తర్వాత దిద్దుకోవడానికి ఎంతవుతుంది? దిద్దుబాటు ఖర్చు ఎక్కువున్న చోట ఇప్పుడే పెట్టాలి, తక్కువున్న చోట నిశ్చింతగా కోత వేయాలి.

ఈ కొలబద్దతో చూస్తే మొదట తేల్చాల్సింది మానిటర్. చాలామంది దీన్ని బడ్జెట్‌లోనే లెక్కపెట్టరు, చివర్లో మిగిలినదాంతో ఏదో ఒకటి తెస్తారు. నిజానికి పీసీలో అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉండేది అదే. రెండు గ్రాఫిక్స్ కార్డులు మారినా మానిటర్ అలాగే ఉంటుంది. పైగా కార్డు మీద పడే పనెంతో నిర్ణయించేదీ అదే. 1080పీ తెర మీద ఒక్కో ఫ్రేముకు దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు వేయాలి. 1440పీ అయితే దాదాపు 36.9 లక్షలు. 4కే అయితే 82.9 లక్షలు, అంటే 1080పీకి సరిగ్గా నాలుగింతలు. ఇక 60 హెర్ట్‌జ్ తెరకు ఒక్కో ఫ్రేము సిద్ధం చేయడానికి 16.7 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. 144 హెర్ట్‌జ్ తెరకు నిండా 7 మిల్లీసెకన్లు కూడా దొరకదు. మొత్తం 60, 70 వేలల్లో తేలాలనుకుంటే 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్‌జ్ లేదా ఆపైన తిరిగే ఐపీఎస్ మానిటర్ దగ్గర ఆగిపోవడం వివేకం. ఆఫర్లో 4కే తెర చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే, దాన్ని ఆడించగల కార్డుకు తర్వాత పెట్టే డబ్బుతో ఇంకో పీసీ వస్తుంది.

తెర తేలాక కార్డు. గేమింగే ప్రధానమైతే క్యాబినెట్ లోపలి సామాను ఖర్చులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా దీనికే పోవడం న్యాయం. ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది: ‘ప్రాసెసరే కదా కంప్యూటర్‌కు మెదడు, దాన్ని తగ్గించి కార్డుకు పెడితే ఎలా?’ ఇద్దరి పని వేరు. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, బుల్లెట్ ఎక్కడ తగిలింది, గోడ ఎటు కూలుతోంది అని లెక్కలు కట్టేది ప్రాసెసర్. ఆ దృశ్యాన్ని పిక్సెల్ పిక్సెల్‌గా తెర మీదకు తెచ్చేది కార్డు. రెజల్యూషన్ పెరిగితే ప్రాసెసర్ పని పెద్దగా పెరగదు, కార్డు పని పెరుగుతూ పోతుంది. యూట్యూబ్ రివ్యూల్లో ఖరీదైన ప్రాసెసర్ మిగతావాటి కన్నా చాలా ముందున్నట్టు చూపే బార్లు ఉంటాయి కదా, వాటిని చాలామంది తప్పుగా చదువుతారు. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలి కాబట్టి ఆ పరీక్షలను కావాలనే ఆర్‌టీఎక్స్ 4090 లాంటి పెద్ద కార్డుతో, 1080పీ లాంటి చిన్న రెజల్యూషన్‌లో చేస్తారు. పరీక్షగా అది సరైన పద్ధతే. కానీ మీరు పెట్టుకోబోయేది 20 వేల పైచిలుకు కార్డు. దానితో ఆడేటప్పుడు చాలా గేముల్లో ఆ తేడా అంతా కార్డు దగ్గరే ఆగిపోతుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్‌లున్న రైజెన్ 5 5600, ఐ5-12400ఎఫ్ లాంటివి ఈ స్థాయి కార్డులకు చాలు. మినహాయింపు లేకపోలేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి మాత్రమే ఆడతాను, ఫ్రేములు రెండొందలు దాటాలి అనేవాళ్లకు ప్రాసెసర్ బరువు నిజంగానే పెరుగుతుంది. వాళ్లు కార్డులో కొంత తగ్గించి ప్రాసెసర్‌కు జరుపుకోవచ్చు. సైబర్‌పంక్ 2077 లాంటి కథా గేముల వాళ్లకు ఆ అవసరం లేదు.

కార్డు ఎంచుకునేటప్పుడు మెమరీ ఎన్ని జీబీ అన్న ఒక్క అంకె చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. మెమరీ ముఖ్యమే. ఈ రోజుల్లో 4 జీబీ కార్డు కొత్తది కొనడం వృథా, 1080పీకి 8 జీబీని కనీసంగా పెట్టుకోవాలి, 12 ఉంటే ఊరట. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ ఉంది, దాని తర్వాత వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060లో 8 జీబీయే. ఇంటెల్ 2024 డిసెంబరులో తెచ్చిన ఆర్క్ బీ580లో మళ్లీ 12. అయితే ఈ బీ580 పాత ప్రాసెసర్లతో జత కడితే వెనకబడుతుంది. రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేని బోర్డు మీదైతే దాన్ని పెట్టనేకూడదు. మరో ఉదాహరణ ఇంకా తేటగా ఉంటుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు మదర్‌బోర్డుతో మాట్లాడే దారి నాలుగు లేన్లే. బోర్డు పీసీఐఈ 4.0 అయితే ఫర్వాలేదు, చవక ఏ520, బీ450 బోర్డుల్లో ఉండేది 3.0. ఆ బోర్డుల మీద ఇదే కార్డు చెప్పుకోదగ్గంతగా నెమ్మదిస్తుంది. మెమరీ కూడా 4 జీబీయే కావడంతో అది నిండిన ప్రతిసారీ ఆ ఇరుకు దారి మీదే ఆధారపడాలి. చవక కార్డును చవక బోర్డులోనే పెడతారని అందరికీ తెలుసు, తయారుచేసినవాళ్లకు తప్ప! అదే ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 6600 ఎనిమిది లేన్లతో, 8 జీబీతో, 132 వాట్లతో పాత బోర్డు మీద కూడా పెద్దగా నష్టపోకుండా నడుస్తుంది. తక్కువ బడ్జెట్ పీసీలకు చాలాకాలంగా దాన్నే సిఫారసు చేస్తూ వచ్చింది ఊరికే కాదు.

ఇప్పుడు మదర్‌బోర్డు. ‘మళ్లీ మళ్లీ కొనలేం, రాబోయే ఆరేళ్లకూ సరిపోయేలా ఇప్పుడే పెద్ద ప్రాసెసర్ కొనేద్దాం’ అనే మాట ఇక్కడే వినిపిస్తుంది. కోరిక సబబే, దారే సరైంది కాదు. ఏఎండీ ఏఎం4 సాకెట్ చరిత్ర చూడండి. 2017లో బీ350 బోర్డు మీద తొలితరం రైజెన్ పెట్టుకున్నవాళ్లు 2022లో బయాస్ అప్‌డేట్ చేసి, అదే బోర్డులో, అదే ర్యామ్‌తో 5800ఎక్స్3డీ బిగించుకోగలిగారు. గేముల్లో అది ఆనాటి అగ్రశ్రేణి ప్రాసెసర్లలో ఒకటి. 2017లోనే అప్పటి ఖరీదైన ప్రాసెసర్‌కు డబ్బు తగలేసినవాళ్ల కన్నా, మామూలుది కొని సాకెట్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లే బాగుపడ్డారు. ముందుచూపు ఉండాల్సింది సాకెట్‌లో. ఆ లెక్కన ఇవాళ 2022లో వచ్చిన ఏఎం5 వైపు మొగ్గాలి, 2027 దాకానైనా దానికి కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ మాటిచ్చింది కూడా. ఇంటెల్ ఎల్‌జీఏ1700 అయితే 14వ తరంతో ముగిసింది, 2024లో కొత్త సాకెట్ వచ్చేసింది.

కానీ ఏఎం5కి డీడీఆర్5 ర్యామే కావాలి, అక్కడ చిక్కు పడింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరికి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కాబట్టి చేతిలో ఉన్నది 50 వేలకు అటూ ఇటూ అయితే, ఏఎం4కి ఇక పైమెట్టు లేదని తెలిసీ రైజెన్ 5 5600 తీసుకుని, మిగిలింది కార్డుకు పెట్టడమే నయమని నా అభిప్రాయం. ఇంట్లో పాత డీడీఆర్4 స్టిక్కులు ఉంటే అసలు రెండో ఆలోచనే అక్కర్లేదు. 75 వేలు దాటితే ఏఎం5. మధ్యలో ఉన్నవాళ్లు ఆ వారం ర్యామ్ ధర చూసి నిర్ణయించుకోవాలి. ప్రాసెసర్ కొనేటప్పుడు ఇంకో చిన్న సంగతి: ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు. రైజెన్ 5600లోనూ ఉండవు. కార్డు వారంటీకి పంపిన మూడు వారాలూ పీసీ చీకటిగా కూర్చుంటుంది. చదువుకూ అదే మెషీన్ అయితే ఈ మాట గుర్తుంచుకోవాలి.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీల గురించి తక్కువ మాటల్లో తేల్చేయొచ్చు. 16 జీబీ కనీసం. డీడీఆర్4 అయితే ఒకే 16 కన్నా రెండు 8 స్టిక్కులు మేలు, రెండు చానెళ్లూ పనిచేస్తాయి. ధర మండిపోతున్న వేళ డీడీఆర్5 ఒకే 16 స్టిక్‌తో మొదలుపెట్టి తర్వాత అదే మోడల్ ఇంకోటి జతచేస్తే, కొన్నాళ్లు కాస్త వేగం పోతుందంతే. హార్డ్‌డిస్క్ మీద గేములు పెట్టే రోజులు పోయాయి. స్టార్‌ఫీల్డ్, బాల్డర్స్ గేట్ 3 లాంటివి ఎస్‌ఎస్‌డీ ఉండాలనే చెబుతున్నాయి. రెండోదానికి 150 జీబీ చోటు కావాలి. అలాగని అత్యంత వేగవంతమైన ఎన్‌వీఎంఈకి ఎక్కువ పెట్టక్కర్లేదు. మామూలు ఎన్‌వీఎంఈకీ దానికీ గేము తెరుచుకోవడంలో తేడా చేతి గడియారానికి అందదు.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాలి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే డబ్బా పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. పైన లావు అక్షరాల్లో ‘450 వాట్స్’. దాని కింద చిన్న పట్టిక: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కోదాని కింద ఆంపియర్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది 12 వోల్టుల గడి నుంచే. ఆ గడి కింద 16 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించండి: 192 వాట్లు. 450 అన్న అంకె మిగతా గడుల్లో, ఎవరికీ అక్కరకు రాని చోట, కాగితం మీద పూర్తవుతుంది. ఆర్‌ఎక్స్ 6600కి 132, ప్రాసెసర్‌కు 70కి పైగా కలిస్తేనే ఆ 192 దాటిపోయాయి. ఇక గేములో ఉన్నట్టుండి వచ్చే గుంజుడు తట్టుకునేదెలా? నిజాయితీగా కట్టిన 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో అదే గడి దాదాపు మొత్తం సామర్థ్యాన్ని చూపిస్తుంది. 80 ప్లస్ ముద్ర ఉంది కదా అంటారు. ఆ ముద్ర చెప్పేది గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం లోపలికి చేరుతోందన్నదొక్కటే, అదీ 23 డిగ్రీల గదిలో కొలిచి. మామూలు 80 ప్లస్‌కు 20, 50, 100 శాతం లోడులో 80 శాతం సామర్థ్యం ఉంటే చాలు. వోల్టేజి ఎగిరినప్పుడు తనంతట తాను ఆగిపోయే రక్షణ లోపల ఉందో లేదో ఆ ముద్ర చెప్పదు. కాబట్టి ముద్రతో పాటు కంపెనీ సొంతంగా ఇచ్చే ఐదేళ్ల వారంటీ చూడండి, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించిన రివ్యూ ఉంటే చదవండి. గుంటూరు జిల్లాలోనో రామగుండంలోనో వేసవిలో గది 40 డిగ్రీలు దాటితే 23 డిగ్రీల పరీక్షకు విలువ ఎంతో ఊహించుకోవచ్చు. అదే కారణంతో క్యాబినెట్ ముందువైపు అద్దం ఉన్నది వద్దు, జల్లెడలా రంధ్రాలున్నది తీసుకోండి. రంగుల లైట్లకు పెట్టే డబ్బు ఇంకో ఫ్యానుకు పెట్టండి. పాత అద్దె ఇళ్లలో మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూడాలి. లేకపోతే క్యాబినెట్ రేకు ముట్టుకున్నప్పుడల్లా సన్నగా జివ్వుమంటుంది. అది ఎస్‌ఎంపీఎస్ పాడై కాదు, దాని ఫిల్టర్ వదిలే కొద్దిపాటి కరెంటుకు భూమిలోకి దారి లేక.

‘సెకండ్ హ్యాండ్‌లో కొంటే సగం డబ్బు మిగులుతుంది కదా’ అన్నది బలమైన వాదనే, కొట్టిపారేయలేం. పార్టును బట్టి జవాబు మారుతుంది. ప్రాసెసర్, ర్యామ్ వాడినవి కొన్నా భయం తక్కువ, పనిచేస్తే పనిచేస్తాయి. ఏఎం4 ప్రాసెసర్ అడుగున పిన్నులు, ఇంటెల్ బోర్డు సాకెట్‌లో పిన్నులు వంగలేదని మాత్రం వెలుతురులో పెట్టి చూడాలి. వాడిన ఎస్‌ఎంపీఎస్ ఎంత తక్కువకొచ్చినా వద్దు. కార్డుల్లో రెండు చిక్కులున్నాయి. 2022 సెప్టెంబరులో ఇథీరియం మైనింగ్‌కు కార్డుల అవసరం తీరిపోయాక, పగలూ రాత్రీ నడిచిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిందల్లా చెడిపోయినట్టు కాదు గానీ ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరిగి ఉంటాయి. రెండోది నకిలీ. పాత చిప్‌లో బయాస్ మార్చి కొత్త మోడల్ పేరు కనిపించేలా చేస్తారు. డబ్బిచ్చేముందు అమ్మేవాళ్ల దగ్గరే జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిపి చూస్తే చాలావరకు బయటపడుతుంది. ఆర్‌ఎక్స్ 580 పేరుతో అమ్మేవాటిలో 2304 కాక 2048 షేడర్లే ఉన్న రకం ఉంటుంది, అదీ అక్కడే తెలుస్తుంది. ఇక వయసు సంగతి. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్, 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ రెండూ కార్డులో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ ఉండాల్సిందే అంటున్నాయి. ఒకప్పటి మహారాజు జీటీఎక్స్ 1080 టీఐకి కూడా అది లేదు. కాబట్టి వాడిన కార్డు కొంటే ఆర్‌టీఎక్స్ 20 సిరీస్, ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ కన్నా వెనక్కి పోవద్దు.

అసలు ఇంత తలనొప్పి ఎందుకు, గేమింగ్ ల్యాప్‌టాపో ప్లేస్టేషనో కొంటే పోదా అనేవాళ్లకూ జవాబు చెప్పాలి. ఆడటం ఒక్కటే పని అయితే, పెట్టిన రూపాయికి కన్సోల్ ఇచ్చే బొమ్మ ఈ బడ్జెట్ పీసీ ఇవ్వలేదు. అది ఒప్పుకోవాలి. హాస్టల్‌కూ ఇంటికీ తిరిగే విద్యార్థికి ల్యాప్‌టాప్ తప్పదు. కానీ కోడింగ్, ఎడిటింగ్, చదువు, ఆట అన్నీ ఒకే బల్ల మీద నడవాలనుకునేవాళ్లకు డెస్క్‌టాప్ మిగులు చూపేది మూడో ఏడాదిలో. ల్యాప్‌టాప్‌లో కార్డు పాతబడితే మొత్తం పాతబడినట్టే. పైగా ఆర్‌టీఎక్స్ 4060 అని రాసున్న ల్యాప్‌టాప్‌లో ఆ చిప్‌కు 35 వాట్లే ఇవ్వొచ్చు, 115 ఇవ్వొచ్చు. పేరు మాత్రం ఒకటే.

కొనేది షాపులోనైనా ఆన్‌లైన్లోనైనా జీఎస్‌టీ బిల్లు లేకుండా తీసుకోవద్దు. బిల్లు లేకుండా మిగిలే 18 శాతం కార్డు పోయిన రోజున మొత్తంగా పోతుంది. కార్డు, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోవాలి. డబ్బా లేని ‘ట్రే’ ప్రాసెసర్‌కు మూడేళ్ల కంపెనీ వారంటీ కాక షాపు వారంటీయే దక్కుతుంది, కూలర్ కూడా రాదు. ధరలో తేడా ఆ మేరకు ఉంటేనే తీసుకోవాలి. బిగించాక కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది మూడు చోట్ల. మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాక మదర్‌బోర్డు వెనక ఉన్న పోర్టుకు గుచ్చుతారు. 144 హెర్ట్‌జ్ తెర కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 దగ్గరే వదిలేస్తారు. ర్యామ్ డబ్బా మీద 3200 అని ఉన్నా బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయనందున అది 2133 లేదా 2400 దగ్గర నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ అన్న చోట నొక్కితే ఆ అంకె కళ్ల ముందే ఉంటుంది. ఇవి సరిచూసుకున్నాక, రీప్లేస్‌మెంట్ గడువు ఉండగానే, మధ్యాహ్నం రెండింటికి, ఏసీ వేయకుండా, బరువైన గేము ఒకటి రెండు గంటల పాటు ఆడి చూడండి. బ్లూ స్క్రీన్ కూడా చూపకుండా పీసీ టక్కున ఆగి మళ్లీ మొదలైతే కార్డు విప్పే ముందు ఎస్‌ఎంపీఎస్ మార్చి చూడమనండి.